కుక్కతో ఫ్రాన్స్ పల్లెటూరి సెలవులు: బ్రిటన్‌లోని తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఈస్టర్ దాటిందంటే ఇవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. అందుకే జవాబులన్నీ ఒకచోట పెట్టాను. ఇది ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లో ఉంటూ, కారులో కుక్కను ఎక్కించుకుని ఫ్రాన్స్ పల్లెల్లో కాటేజీ అద్దెకు తీసుకోవాలనుకునే వాళ్ల కోసం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్లు కొనే ముందు బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్ ఒకసారి చూసుకోండి.

## వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

కుక్కను అంత దూరం తీసుకెళ్లడం అవసరమా? ఇక్కడే ఎవరి దగ్గరైనా వదిలేస్తే సరిపోదా?

చాలా సందర్భాల్లో సరిపోతుంది. మీరు రోజూ ఊళ్లు, కోటలు, మ్యూజియంలు తిరిగే రకమైతే కుక్క కొత్త ఇంట్లో ఒంటరిగా ఉండాల్సి వస్తుంది. అలాంటప్పుడు దాన్ని తెలిసినవాళ్ల దగ్గర వదలడమే మేలు. ముసలి కుక్క, కారులో వాంతులు చేసుకునే కుక్క, పగ్ లేదా ఫ్రెంచ్ బుల్‌డాగ్ లాంటి పొట్టి ముక్కు కుక్క (ముఖ్యంగా ఆగస్టులో) ఇంట్లో ఉండటమే మంచిది. పొద్దున ఒక నడక, మధ్యాహ్నం తోటలో పుస్తకం, సాయంత్రం ఊరి చుట్టూ ఇంకో నడక, ఇదే మీ సెలవు అయితే మాత్రం తప్పకుండా తీసుకెళ్లండి.

మొదటిసారి వెళ్తున్నాం. ఏ ప్రాంతం ఎంచుకోవాలి?

దగ్గరిది. అందరి కన్నూ నైరుతి ఫ్రాన్స్‌లోని దోర్దోన్ మీదే ఉంటుంది గానీ, కలే రేవు నుంచి అక్కడి సార్లా వైపు సుమారు 850 కిలోమీటర్లు. ఆగుతూ వెళ్తే రోజంతా రోడ్డు మీదే గడిచిపోతుంది. మొదటిసారికి నార్మండీ బాగుంటుంది. పోర్ట్స్‌మత్ నుంచి ఓడలో వీస్త్రెఆమ్ రేవులో దిగితే బాయూ చుట్టుపక్కల పల్లెలు అరగంట దూరం. ప్లిమత్ నుంచి రోస్కోఫ్ వెళ్లే ఓడ మిమ్మల్ని ఏకంగా ఫ్రాన్స్ వాయవ్య ప్రాంతమైన బ్రిటనీలోనే దింపుతుంది. సముద్రం కింది సొరంగంలో (కారుతో సహా రైలెక్కి) వెళ్లేవాళ్లకు పా-ద-కలే పల్లెలు, సొమ్ నదీముఖం దగ్గర. వీటిని దాటి పరుగెత్తేవాళ్లే ఎక్కువ కాబట్టి రద్దీ కూడా తక్కువ.

ఏ నెల మంచిది?

మే చివరి నుంచి జూన్ మధ్య వరకు, లేదా సెప్టెంబర్. జూలై, ఆగస్టుల్లో దక్షిణాన ఎండ 35 డిగ్రీలు దాటడం ఇప్పుడు మామూలైంది. లండన్ వాతావరణానికి అలవాటుపడ్డ లాబ్రడార్‌కు అది నరకం. పైగా వేసవిలో చాలా బీచ్‌లలోకి కుక్కల్ని రానివ్వరు. స్కూలు సెలవుల వల్ల ఆగస్టు తప్పకపోతే నార్మండీ, బ్రిటనీ దాటి కిందికి వెళ్లకండి.

మాది రాట్‌వైలర్. రానిస్తారా?

రానిస్తారు, షరతులతో. ఫ్రాన్స్ 1999 చట్టం ప్రకారం కొన్ని కుక్కల్ని రెండు వర్గాలుగా విడదీసింది. మొదటి వర్గంలో వంశపత్రం లేని పిట్‌బుల్, బోర్‌బోల్, తోసా రకాలు వస్తాయి. వాటిని దేశంలోకి తీసుకురావడమే నేరం. రాట్‌వైలర్, వంశపత్రం ఉన్న అమెరికన్ స్టాఫర్డ్‌షైర్, తోసా రెండో వర్గం. బహిరంగ ప్రదేశాల్లో వీటికి మూతికి మజిల్, మెడకు పట్టీ ఉండాలి, పట్టుకున్నవాళ్లు పెద్దవాళ్లై ఉండాలి. స్టాఫర్డ్‌షైర్ బుల్ టెరియర్ ఏ వర్గంలోనూ లేదు. కానీ చూడగానే పోలీసులకు అనుమానం రావచ్చు కాబట్టి కెన్నెల్ క్లబ్ కాగితాలు వెంట ఉంచుకోండి. ఎక్స్‌ఎల్ బుల్లీని తీసుకెళ్లే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు.

మావి ఇండియన్ పాస్‌పోర్టులు, ఐఎల్‌ఆర్ (బ్రిటన్‌లో శాశ్వతంగా ఉండే అనుమతి) ఉంది. మాకు వీసా కావాలా?

కావాలి. ఐఎల్‌ఆర్ ఉన్నా ఇండియన్ పాస్‌పోర్టుకు షెంగెన్ వీసా తప్పదు. చూడటానికి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే వాళ్లకూ అంతే. మన తెలుగు కుటుంబాల్లో కుక్క కాగితాలన్నీ సిద్ధమై, మనుషుల వీసా రాక సెలవు ఆగిపోవడం వింతేమీ కాదు. షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు. బస వివరాలు అడుగుతారు కాబట్టి రద్దు చేసుకోగలిగే కాటేజీ బుక్ చేయండి. ముందు వీసా తెచ్చుకుని, ఆ తర్వాత కుక్క సర్టిఫికెట్ సంగతి చూడండి. ఆ సర్టిఫికెట్ ఎలాగూ ఆఖరి పది రోజుల్లో చేసే పనే.

హైదరాబాద్‌లో ఉన్న మా కుక్కను నేరుగా ఫ్రాన్స్‌కు రప్పించి అక్కడ కలుసుకోవచ్చా?

వారం సెలవు కోసం పెట్టుకునే పని కాదది. రేబిస్ విషయంలో ఇండియా ఈయూ (యూరోపియన్ యూనియన్) జాబితాలో లేని దేశం. మైక్రోచిప్ వేయించి, రేబిస్ టీకా వేయించి, కనీసం 30 రోజులు ఆగి రక్తం తీసి ఈయూ గుర్తించిన ల్యాబ్‌కు పంపాలి. ఫలితం (టీకా వల్ల రక్తంలో వచ్చిన రక్షణ స్థాయి) మిల్లీలీటరుకు 0.5 ఐయూ లేదా అంతకు పైగా రావాలి. రక్తం తీసిన రోజు నుంచి ఇంకో మూడు నెలలు ఆగాలి. విమానం ఖర్చు, తిరిగి ఇండియాకు తీసుకెళ్లేటప్పుడు ఉండే అనుమతుల తంతు వేరే.

## కాటేజీ బుక్ చేసేటప్పుడు

వెబ్‌సైట్‌లో పెంపుడు జంతువులకు అనుమతి అని ఉంది. ఇంకా ఏం అడగాలి?

కంచె గురించి అడగండి. మిగతా ప్రశ్నలన్నీ దీని తర్వాతే. జంతువులకు అనుమతి ఉందంటే తోట చుట్టూ ప్రహరీ ఉందని కాదు. ఫ్రెంచ్ పల్లె ఇళ్లలో చాలావాటికి ముందు భాగం నేరుగా రోడ్డు మీదికో, పక్క రైతు పొలంలోకో తెరిచి ఉంటుంది. ప్రకటనలో 'జార్దాఁ క్లో' అని ఉంటే తోట మూసి ఉందని చెప్పడమే, కానీ అది రెండడుగుల పొద కంచె కూడా కావచ్చు. ఎంత ఎత్తు ఉంది, కింద సందులున్నాయా, గేటు గడియ పడుతుందా అని విడివిడిగా అడిగి ఫొటోలు పంపమనండి. మంచి యజమాని విసుక్కోడు.

తర్వాత అడగాల్సినవి: యజమానికి సొంత కుక్క, కోళ్లు, పిల్లులు ఉన్నాయా? పక్క పొలంలో గొర్రెలు, ఆవులు ఉన్నాయా? కుక్కను ఇంట్లో ఒంటరిగా వదలొచ్చా? పడకగదుల్లోకి రావచ్చా? నేల టైల్సా, చెక్కా? మీ కుక్క సైజు కూడా ముందే చెప్పండి. 'చిన్న కుక్క' అన్నమాట యజమాని దృష్టిలో చివావా అయి, మీ దృష్టిలో స్పానియల్ అయితే గుమ్మం దగ్గర గొడవ తప్పదు.

జీట్ అంటే ఏమిటి? మామూలు హాలిడే ఇల్లేనా?

అవును, మీరే వండుకుని ఉండే పల్లెటూరి అద్దె ఇల్లు. జీట్ ద ఫ్రాన్స్ అనే సంస్థ 1955 నుంచి ఇలాంటి ఇళ్లకు గుర్తింపు ఇస్తోంది. నక్షత్రాల బదులు గోధుమ కంకుల బొమ్మలతో స్థాయి చెబుతుంది. వేసవిలో ఎక్కువ ఇళ్లు శనివారం నుంచి శనివారం దాకానే ఇస్తారు. సాయంత్రం నాలుగుకు తాళాలు, వెళ్లే రోజు పొద్దున పదికల్లా ఖాళీ. దుప్పట్లు, తువ్వాళ్లు చాలాచోట్ల మనవే.

కుక్క ఉందని చెప్పకుండా వెళ్తే ఏమవుతుంది? చట్టప్రకారం వద్దనలేరంట కదా?

మామూలుగా నివాసం ఉండే అద్దె ఇళ్లలో పెంపుడు జంతువుల్ని నిషేధించకూడదని ఫ్రాన్స్‌లో 1970 నాటి చట్టం ఉంది. అది సెలవులకు ఇచ్చే టూరిస్టు ఇళ్లకు వర్తించదని 2012లో చేసిన సవరణ స్పష్టం చేసింది. వద్దంటే వద్దనే. చెప్పకుండా తీసుకెళ్తే తాళాలు ఇవ్వకపోవచ్చు, డిపాజిట్ పోవచ్చు. శనివారం సాయంత్రం పల్లెటూళ్లో వేరే ఇల్లు వెతుక్కునే టెన్షన్ మీకెందుకు?

కుక్కకు ఎక్స్‌ట్రా కట్టాలా?

సాధారణంగా రోజుకో, వారానికో కొంత అడుగుతారు. బుక్ చేసేటప్పుడే అది రాతలో ఉండాలి. డిపాజిట్, చివరి క్లీనింగ్ డబ్బులు వేరుగా ఉంటాయి. క్లీనింగ్ డబ్బు కట్టినా సోఫా మీద వెంట్రుకలు మీరే తీసి వెళ్లండి.

స్విమ్మింగ్ పూల్ ఉన్న ఇల్లు దొరికింది. తీసుకోవచ్చా?

పూల్ చుట్టూ కంచె ఉంటే తీసుకోవచ్చు. ఫ్రాన్స్‌లో ప్రైవేటు పూల్స్‌కు పిల్లల భద్రత కోసం కంచె, కవర్, అలారం లాంటి ఏదో ఒక ఏర్పాటు ఉండాలని 2003లో చట్టం చేశారు. అందులో కవర్ ఒక్కటే ఉంటే కుక్కకు ప్రమాదం. గట్టి నేల అనుకుని దాని మీదికి నడుస్తుంది, అంచు జారితే కిందికి వెళ్లి బయటికి రాలేదు.

## కాగితాలు, టీకాలు

కుక్కకు మొత్తం ఏమేం కావాలి?

మైక్రోచిప్, రేబిస్ టీకా, యానిమల్ హెల్త్ సర్టిఫికెట్. ఈ మూడోదాన్నే అందరూ ఏహెచ్‌సీ అంటారు. తిరిగి బ్రిటన్ వచ్చేటప్పుడు ఫ్రాన్స్‌లో వేయించిన టేప్‌వార్మ్ (పేగుల్లో పెరిగే బద్దె పురుగు) మందు వివరాలు కూడా ఆ సర్టిఫికెట్‌లోనే రాయించాలి. బ్రిటన్ నుంచి వెళ్లే కుక్కకు రక్త పరీక్ష అక్కర్లేదు.

రేబిస్ టీకా ఎప్పుడు వేయించాలి?

కుక్కకు 12 వారాలు నిండాక, చిప్ వేసిన తర్వాత (లేదా అదే రోజు చిప్ వేశాక). మొదటి టీకా అయితే ఆ తర్వాత 21 రోజులు ఆగాలి. అంటే 15 వారాల లోపు కుక్కపిల్ల ఎలాగూ వెళ్లలేదు. చాలామంది బోల్తా పడేది బూస్టర్ దగ్గర. గడువు ముగిసిన మర్నాడు వేయించినా దాన్ని కొత్త టీకాగానే లెక్కేస్తారు, మళ్లీ 21 రోజులు. బ్రిటన్‌లో ఏటా వేసే మామూలు టీకాల్లో రేబిస్ ఉండదు. టీకాలన్నీ అయ్యాయి అని మనం అనుకుంటాం గానీ ఇది విడిగా అడిగి వేయించుకోవాలి.

ఏహెచ్‌సీ ఎవరు ఇస్తారు? ఎప్పుడు తీసుకోవాలి? ఎంతవుతుంది?

అఫీషియల్ వెటర్నేరియన్ (ప్రభుత్వం గుర్తించిన పశువైద్యుడు) హోదా ఉన్న డాక్టరే ఇవ్వాలి. అన్ని క్లినిక్‌లలో ఉండరు. ఈయూలో అడుగుపెట్టే తేదీకి ముందు 10 రోజుల లోపు జారీ అయి ఉండాలి. మరీ ఆఖరి రోజుకు పెట్టుకోకుండా ఏడెనిమిది రోజుల ముందు తీసుకుంటే ఏదైనా తప్పు దొర్లినా దిద్దించుకునే వ్యవధి ఉంటుంది. అపాయింట్‌మెంట్ మాత్రం నెల, నెలన్నర ముందే బుక్ చేయండి. వేసవిలో దొరకవు.

ఖర్చు క్లినిక్‌ను బట్టి వంద పౌండ్ల నుంచి రెండు వందల పైదాకా ఉంటుంది. ఫోన్ చేసి నాలుగైదు చోట్ల అడగడంలో మొహమాటం వద్దు. ఈ ఒక్క పనే చేసే డాక్టర్లు కొంత తక్కువకు చేస్తారు. ఒక సర్టిఫికెట్‌లో ఐదు జంతువుల దాకా రాయొచ్చు.

ఇది ఒక్క ప్రయాణానికే. ప్రతి ట్రిప్పుకూ కొత్తది కావాలి. ఒకసారి ఈయూలోకి వెళ్లాక అక్కడ దేశాలు తిరగడానికి, బ్రిటన్ తిరిగి రావడానికి కనీసం నాలుగు నెలలు పనికొస్తుంది. సర్టిఫికెట్ ఇంగ్లిష్‌తో పాటు మీరు మొదట అడుగుపెట్టే దేశం భాషలో ఉండాలి. కలేలో దిగి బెల్జియం వెళ్లినా ఫ్రెంచ్‌లోనే.

సర్టిఫికెట్ చేతికొచ్చాక ఏం చూసుకోవాలి?

క్లినిక్ కౌంటర్ దగ్గరే, ఇంటికి రాకముందే చూడండి. చిప్ నంబర్‌లోని 15 అంకెలూ ఒక్కొక్కటి చదవండి. చిప్ తేదీ టీకా తేదీకి ముందు ఉందా, టీకా గడువు సరిగ్గా ఉందా, పేజీల మీద స్టాంపు, సంతకం పడ్డాయా, కొట్టివేతల పక్కన డాక్టర్ సంతకం ఉందా చూడండి. టేప్‌వార్మ్ వివరాలు రాసే పేజీ ఖాళీగా ఉందో లేదో కూడా. సరిహద్దులో అధికారి చూసేది కాగితాన్ని, మీ కుక్క ముద్దు ముఖాన్ని కాదు.

పాత పెట్ పాస్‌పోర్టు ఉంది. చెల్లుతుందా? ఫ్రాన్స్‌లో కొత్తది చేయించుకోవచ్చంటున్నారు?

బ్రిటన్‌లో ఇచ్చిన పాత పాస్‌పోర్టు 2021 జనవరి 1 నుంచి ఈయూ ప్రయాణానికి చెల్లదు. అందులోని టీకా రికార్డు డాక్టర్‌కు చూపించడానికి పనికొస్తుంది, అంతే. ఈయూ పాస్‌పోర్టు అక్కడ నివసించేవాళ్ల జంతువుల కోసం ఉద్దేశించింది. సెలవుకొచ్చి చేయించుకునే అడ్డదారి మీద మొత్తం ప్రయాణాన్ని ఆధారపెట్టొద్దు. పెంపుడు జంతువుల ప్రయాణం తేలిక చేసే దిశగా 2025 మేలో బ్రిటన్, ఈయూ ఒక అవగాహనకు వచ్చాయి. అది అమలైందని ప్రభుత్వ పేజీలో కనిపించే దాకా ఏహెచ్‌సీనే నమ్ముకోండి.

మా ఆయన ముందు వెళ్తారు, కుక్కతో నేను తర్వాత వెళ్తాను. పరవాలేదా?

సర్టిఫికెట్ ఎవరి పేరున ఉందో ఆ యజమాని ప్రయాణానికి, కుక్క ప్రయాణానికి మధ్య 5 రోజులకు మించి తేడా ఉండకూడదు. వేరేవాళ్లు తీసుకెళ్తుంటే యజమాని రాసిచ్చిన అనుమతి పత్రం వెంట ఉండాలి. ఈ తలనొప్పంతా ఎందుకు అనుకుంటే, కుక్కతో ప్రయాణించేవాళ్ల పేరు మీదే సర్టిఫికెట్ రాయించండి.

## దారిలో

సొరంగం మంచిదా, ఓడ మంచిదా?

భయస్తురాలైన కుక్కకు సొరంగం. ఫోక్‌స్టన్ నుంచి కలే దాకా లెషటిల్ రైలు 35 నిమిషాలు. మీరు కారులోనే ఉంటారు, కుక్క మీ పక్కనే ఉంటుంది. రెండు వైపులా కుక్కల్ని తిప్పడానికి జాగా ఉంది.

డోవర్ నుంచి కలే ఓడ గంటన్నర. ఎక్కువగా కుక్క కింద కారులో, మీరు పైన. ఆ చప్పుళ్లలో ఒంటరిగా ఉండలేని కుక్కలు చాలానే ఉంటాయి. పశ్చిమంగా వెళ్లేవాళ్లకు పోర్ట్స్‌మత్ నుంచి బ్రిటనీ ఫెరీస్ కంపెనీ ఓడలతో లెక్క కుదురుతుంది. డ్రైవింగ్ సగం తగ్గుతుంది. కొన్ని ఓడల్లో కుక్కతో కలిసి ఉండే క్యాబిన్లు ఉన్నాయి గానీ అవి ముందుగా అయిపోతాయి. ఓడలో నడిపించేటప్పుడు మజిల్ అడగొచ్చు కాబట్టి ఇంట్లోనే వారం పది రోజులు అలవాటు చేయండి.

మాకు కారు లేదు. యూరోస్టార్‌లో వెళ్లొచ్చా? విమానం?

యూరోస్టార్ సహాయక కుక్కల్ని తప్ప వేరే కుక్కల్ని ఎక్కించుకోదు. విమానంలో వెళ్లడం సాధ్యమే అయినా బ్రిటన్‌కు తిరిగి వచ్చేటప్పుడు పెంపుడు కుక్క క్యాబిన్‌లో రాలేదు, కార్గోగానే రావాలి. సొరంగం దాటించే పెట్ టాక్సీలు ఉన్నాయి, చవక కావు. కారు అద్దెకు తీసుకుంటే దేశం దాటించే అనుమతి, కుక్కకు అనుమతి రెండూ రాతపూర్వకంగా తీసుకోండి.

కుక్క తిండి, మన పచ్చళ్లు, పెరుగు తీసుకెళ్లొచ్చా?

మాంసం, పాల పదార్థాలు ఉన్నవి ఏవీ బ్రిటన్ నుంచి ఈయూలోకి తీసుకెళ్లకూడదు. ఇది మనుషుల తిండికీ, కుక్క తిండికీ ఒకటే. చికెన్ ఉన్న కుక్క బిస్కెట్లు, నమిలే ఎముకలు కూడా అంతే. డాక్టర్ రాసిన ప్రత్యేక ఆహారమైతే, ఫ్రిజ్ అక్కర్లేనిది, సీల్ తీయనిది రెండు కిలోల దాకా మినహాయింపు ఉంది. మిగతావాళ్లు ఫ్రాన్స్‌లో కొనాల్సిందే. లెక్లెర్, కార్ఫూర్, ఎంతెర్‌మార్షే, ఏ సూపర్ మార్కెట్‌లోనైనా కుక్క తిండి వరసలు పెద్దవే. మీరు వాడే బ్రాండ్ అక్కడ దొరుకుతుందో లేదో ముందే చూసి, దొరకకపోతే దొరికేదాన్ని ఇంట్లోనే రెండు వారాల ముందు నుంచి కొద్దికొద్దిగా కలపండి.

వంటింటి సంగతికొస్తే, ఆవకాయ, బియ్యం, పప్పులు, మసాలా పొడులు దాటుతాయి. నెయ్యి, పెరుగు, చికెన్ పచ్చడి దాటవు. పచ్చి కరివేపాకు కూడా వద్దు, ఎండు పొడి పట్టుకెళ్లండి. పెరుగన్నానికి అలవాటుపడ్డ కుక్కలు మన ఇళ్లలో తక్కువేం కాదు. దానికి బెంగ పెట్టుకోవద్దు, ఫ్రెంచ్ పల్లె అంగళ్లలో చక్కెర లేని తెల్ల పెరుగుకు లోటు లేదు.

దార్లో ఎంతసేపటికి ఒకసారి ఆపాలి?

రెండు గంటలకొకసారి. ఫ్రెంచ్ హైవేల మీద 'ఎయిర్' అనే విశ్రాంతి స్థలాలు తరచుగా వస్తాయి. పెట్రోల్ బంకు లేని చిన్నవాటిలో చెట్లు, గడ్డి ఎక్కువ, జనం తక్కువ, కుక్కకు అవే నయం. తలుపు తెరిచే ముందే పట్టీ తగిలించండి. ఎండలో ఆపిన కారులో పది నిమిషాలైనా వదలొద్దు, అద్దాలు కాస్త దించినా సరే.

## అక్కడికి చేరాక

చేరిన రోజు ఏం చేయాలి?

సామాను దించకముందే పట్టీతో తోట మొత్తం ఒక చుట్టు తిప్పండి. అది కుక్క కోసం కాదు, కంచె సందులు మీ కంటపడటానికి. షెడ్లలో, కట్టెల వెనక ఎలుకల మందు పెట్టారేమో యజమానిని అడగండి, పల్లె ఇళ్లలో అది మామూలు. కుక్క చిప్ రికార్డులో మీ ఫోన్ నంబర్ సరైనదేనా చూడండి. కాలర్ మీద నంబర్‌కు ముందు ప్లస్ 44 రాసి ఉండాలి. ఆ రాత్రి దాన్ని ఒంటరిగా వదిలి డిన్నర్‌కు వెళ్లొద్దు.

పొలాల్లో, అడవిలో పట్టీ తీసి వదలొచ్చా?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 30 దాకా ఫ్రాన్స్ అడవుల్లో దారి తప్ప వేరేచోట కుక్క పట్టీ లేకుండా తిరగకూడదు. పక్షులు, జంతువులు పిల్లల్ని పెట్టే కాలమది. మిగతా రోజుల్లో కుక్క మీ పిలుపు అందే దూరంలో ఉండాలి. సెప్టెంబర్ నుంచి ఫిబ్రవరి చివరి దాకా వేట కాలం, ఆదివారాలు మరీ ఎక్కువ. దారి పక్క 'షాస్ ఆఁ కూర్' అని బోర్డు కనిపిస్తే లోపల వేట జరుగుతోందని, వెనక్కి తిరిగిపోండి. ఆ నెలల్లో మీకూ కుక్కకూ నారింజ రంగు చొక్కాలు ఉండాలి.

ఆల్ప్స్, పిరెనీస్ కొండల్లో గొర్రెల మందలకు కాపలాగా పతూ అనే పెద్ద తెల్ల కుక్కలు ఉంటాయి. మందను దూరంగా చుట్టి వెళ్లండి, పరుగెత్తొద్దు, కర్ర ఎత్తొద్దు. వాటి దృష్టిలో మీ కుక్క తోడేలుతో సమానం. ఆ కొండల్లోని నేషనల్ పార్కుల లోపలి భాగాల్లోకి చాలాచోట్ల కుక్కల్ని అసలు రానివ్వరు.

బీచ్‌కు తీసుకెళ్లొచ్చా?

ఊరి మునిసిపాలిటీ, అంటే మేరీ, నిర్ణయిస్తుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నిషేధం చాలాచోట్ల ఉంటుంది. కొన్ని ఊళ్లు పొద్దున్నే, రాత్రి పూట ఒప్పుకుంటాయి. మెట్ల దగ్గర బోర్డు చూడండి.

బ్రిటనీ ఉత్తర తీరంలో, ముఖ్యంగా సాఁ-బ్రియూ అఖాతం చుట్టూ, వేసవిలో పచ్చ నాచు కుప్పలుగా కొట్టుకొస్తుంది. పొలాల్లోని నైట్రేట్లు వాగుల గుండా సముద్రంలోకి చేరడమే దీనికి మూలం. అది కుళ్లినప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పుడుతుంది, పైన ఎండిన పొరను తొక్కితే ఒక్కసారిగా బయటికొస్తుంది. 2008లో ఇల్లియోఁ బీచ్‌లో రెండు కుక్కలు, మరుసటి ఏడాది ఇంకో బీచ్‌లో ఒక గుర్రం దాని వల్లే చనిపోయాయి. కుళ్లిన కోడిగుడ్ల వాసన వస్తే కుక్కను ఎత్తుకునైనా వెంటనే బయటికి రండి.

బ్రిటన్‌లో లేని ప్రమాదాలు ఇంకేం ఉన్నాయి?

పిడుదులు మొదటివి. బ్రిటన్‌లో అరుదుగా కనిపించే బబీసియా అనే రక్త జబ్బు ఫ్రాన్స్‌లో పిడుదుల ద్వారా బాగా వ్యాపిస్తుంది. బయల్దేరే ముందే డాక్టర్‌ను అడిగి పిడుదుల్ని త్వరగా చంపే మందు వాడండి. రోజూ సాయంత్రం చెవుల వెనక, చంకల్లో, వేళ్ల మధ్య తడిమి చూడండి. మధ్యధరా తీరం వైపు వెళ్తే శాండ్‌ఫ్లై అనే చిన్న ఈగల వల్ల లీష్మేనియా, దోమల వల్ల హార్ట్‌వార్మ్ వస్తాయి. వాటికి వేరే మందులు, వేరే కాలర్లు ఉన్నాయి. 'దక్షిణానికి వెళ్తున్నాం' అని డాక్టర్‌తో స్పష్టంగా చెప్పాలి.

జనవరి నుంచి ఏప్రిల్, మే దాకా పైన్ చెట్ల కింద గొంగళిపురుగులు ఒకదాని వెనక ఒకటి వరసగా నడుస్తుంటాయి. వాటి వెంట్రుకలు తగిలితే కుక్క నాలుక వాచిపోతుంది, కొంత భాగం చచ్చుపడిపోవచ్చు కూడా. హఠాత్తుగా చొంగ కారుస్తూ కాలితో మూతి గోక్కుంటుంటే, రుద్దకుండా నీళ్లతో కడిగి నేరుగా డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి.

వేసవిలో ఎండిన గడ్డి కంకులు చెవుల్లో, వేళ్ల మధ్య దూరి లోపలికే వెళ్తాయి. పొడవు జుట్టు కుక్కలకు పాదాల దగ్గర వెంట్రుకలు కత్తిరించి తీసుకెళ్లండి. చెరువు నీళ్లు పచ్చగా పెయింట్ పోసినట్టుంటే దిగనివ్వొద్దు. ద్రాక్షతోటల పక్క కాటేజీ అయితే సెప్టెంబర్‌లో రాలిన పళ్ల మీద కన్నేసి ఉంచండి. ద్రాక్ష, ఎండుద్రాక్ష కుక్క మూత్రపిండాల్ని దెబ్బతీస్తాయి.

హోటళ్లలోకి, దుకాణాల్లోకి రానిస్తారా?

కాఫీ హోటళ్లలో, బయట బల్లల దగ్గర హాయిగా రానిస్తారు. అడగకుండానే గిన్నెలో నీళ్లు తెచ్చిపెడతారు. లోపలికి రానివ్వాలా లేదా అనేది యజమాని ఇష్టం. రొట్టెల దుకాణం, మాంసం కొట్టు, సూపర్ మార్కెట్‌లోకి మాత్రం వద్దు.

కుక్కకు జబ్బు చేస్తే?

చేరిన రోజే దగ్గరి వెటరినేర్ ఫోన్ నంబర్, రాత్రి డ్యూటీ క్లినిక్ నంబర్ యజమానిని అడిగి ఫ్రిజ్ మీద అంటించండి. పల్లె క్లినిక్‌లు పన్నెండు నుంచి రెండు దాకా మూసేస్తారు. ఫీజు అక్కడే కట్టాలి, బిల్లు, రిపోర్టు తీసుకుని బ్రిటన్‌లో ఇన్సూరెన్స్‌కు పంపాలి. మీ పాలసీ విదేశాల్లో ఎన్ని రోజులు వర్తిస్తుందో బయల్దేరే ముందే చదవండి.

## తిరుగు ప్రయాణం

టేప్‌వార్మ్ మందు ఎప్పుడు వేయించాలి?

బ్రిటన్‌లో అడుగుపెట్టే సమయానికి ముందు 24 గంటలకు తక్కువ కాకుండా, 120 గంటలకు మించకుండా. శనివారం పొద్దున పదింటికి దాటుతున్నారనుకుంటే, సోమవారం పది తర్వాత, శుక్రవారం పది లోపు. బుధ, గురువారాలు క్షేమం. రైలు ఆలస్యమైనా, ముందు దానిలో ఎక్కించినా ఇబ్బంది ఉండదు. ఆ వారంలో జూలై 14, ఆగస్టు 15 లాంటి సెలవు పడుతుందేమో చూసి, బ్రిటన్ నుంచే ఈమెయిల్ పెట్టి అపాయింట్‌మెంట్ తీసుకోండి.

మందులో ప్రజిక్వాంటెల్ ఉండాలి. డాక్టర్ ఎదురుగా వేసి, మందు పేరు, తయారీదారు, తేదీ, సమయం రాసి, స్టాంపు, సంతకం పెట్టాలి. ఎక్కువగా మరచిపోయేది సమయం. మీరే మాత్ర వేసి వచ్చామంటే ఒప్పుకోరు. మనుషుల కాలేయానికి ప్రమాదం తెచ్చే ఒక రకం టేప్‌వార్మ్ బ్రిటన్‌లో లేదు, రానివ్వకూడదనే ఈ పట్టుదల.

మాది మూడు రోజుల ట్రిప్పే. అక్కడ డాక్టర్ కోసం తిరగాలా?

అక్కర్లేదు. బయల్దేరే ముందు బ్రిటన్‌లోనే మందు వేయించి ఏహెచ్‌సీలో రాయించుకోవచ్చు. వేసిన 24 గంటల తర్వాత, 120 గంటల లోపు తిరిగి బ్రిటన్‌లో ఉండాలి. వచ్చాక 28 రోజుల లోపు ఇంకోసారి వేయించడం మంచిది. తిరుగు ప్రయాణం ఒక రోజు వెనక్కి జరిగితే లెక్క తప్పుతుందని గుర్తుంచుకోండి.

కలేలో ఏం చూస్తారు? తేడా వస్తే?

సొరంగం వైపు మామూలు చెక్-ఇన్‌కు ముందే పెట్ రిసెప్షన్ భవనానికి వెళ్లాలి. స్కానర్‌తో చిప్ చదివి, కాగితాలు చూస్తారు. దీనికి అరగంట విడిగా పెట్టుకోండి. టేప్‌వార్మ్ సమయం తేడా వస్తే ఎక్కనివ్వరు. దగ్గర్లో డాక్టర్‌ను పట్టుకుని మళ్లీ వేయించి 24 గంటలు ఆగాలి. కాగితాలు సరిగా లేకుండా బ్రిటన్ చేరితే నాలుగు నెలల దాకా క్వారంటైన్, ఖర్చంతా మీదే.

చీజ్ తెచ్చుకోవచ్చా?

ఈయూలో గాలికుంటు వ్యాధి బయటపడ్డాక 2025 ఏప్రిల్ 12 నుంచి చీజ్, పాలు, మాంసం సొంత వాడకానికి కూడా తేకూడదని బ్రిటన్ నిషేధం పెట్టింది. ఎత్తేశారో లేదో ప్రభుత్వ పేజీలో చూడండి. లేకపోతే కామాంబేర్ అక్కడే తినేసి రండి.

ఇంటికొచ్చాక కుక్క నీరసంగా ఉంది. ప్రయాణ బడలికేనా?

రెండు రోజులు ఎక్కువ నిద్రపోవడం మామూలే. తిండి మానేసినా, చిగుళ్లు పాలిపోయినా, మూత్రం ఎర్రగా లేదా ముదురు గోధుమ రంగులో వచ్చినా, జ్వరం ఉన్నా అదే రోజు డాక్టర్‌కు చూపించండి. బబీసియా లక్షణాలు అలాగే ఉంటాయి. పిడుదు కరిచాక ఒకటి, రెండు, మూడు వారాలకు కూడా బయటపడొచ్చు. లీష్మేనియా అయితే నెలలు, ఏళ్లు కూడా పట్టొచ్చు. బ్రిటన్‌లో డాక్టర్‌కు ఈ జబ్బులు మొదటగా తట్టవు కాబట్టి, ఫ్రాన్స్‌లో ఏ ప్రాంతానికి, ఏ తేదీల్లో వెళ్లారో క్లినిక్‌లో మీరే ముందు చెప్పి, కుక్క రికార్డులో రాయించండి.